డిట్టో లూపర్: ఒంటరి గిటార్‌కు తాళం నేర్పే పెడల్

టీసీ ఎలక్ట్రానిక్ సంస్థ తయారుచేసిన డిట్టో లూపర్ అనే గిటార్ పెడల్ మీద నొక్కడానికి ఒకే స్విచ్చు, తిప్పడానికి ఒకే నాబ్ ఉంటాయి. స్విచ్చును కాలితో ఒకసారి నొక్కితే మన వాయిద్యం రికార్డవుతుంది, మళ్లీ నొక్కితే అదే భాగం ఆగకుండా తిరుగుతూ వినిపిస్తుంది, మూడోసారి నొక్కితే దాని మీద ఇంకో పొర వేసుకోవచ్చు. చివరి పొర నచ్చకపోతే స్విచ్చును కాసేపు నొక్కి ఉంచితే చాలు, అది తొలగిపోతుంది. ఒక లూప్ (ఇలా తిరుగుతూ వినిపించే భాగం) నిడివి 5 నిమిషాల వరకు ఉండవచ్చు కానీ, సాధనకు అందులో పదో వంతు కూడా అక్కరలేదు.

నన్ను ఈ పెడల్‌కు కట్టిపడేసింది తాళం విషయంలో దాని నిక్కచ్చితనం. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో, నిమిషానికి 80 దెబ్బల వేగంతో ఒక ఆవర్తనం (తాళపు ఒక పూర్తి చుట్టు) సరిగ్గా 6 సెకన్లు పడుతుంది. లూప్‌ను ముగించడానికి కాలు పడవలసింది ఎనిమిదో దెబ్బ మీద కాదు, తర్వాతి ఆవర్తనపు సమం, అంటే మొదటి దెబ్బ మీద. అక్కడ రవ్వంత ముందు వెనుకలైనా ఆ తేడా ప్రతి చుట్టులోనూ తిరిగి వినిపిస్తుంది గనుక, చేతి వేళ్లతో పాటు పాదానికీ లయ అలవడే వరకు మొదటి వారం ఓపిక పట్టాలి.

షడ్జ పంచమాలను (స, ప స్వరాలను) నెమ్మదిగా మీటి, రెండు మూడు పొరలు పేర్చితే, శ్రుతి పెట్టె లేకుండానే మోహన రాగాన్ని హాయిగా సాధన చేసుకోవచ్చు. మీటిన తీగ నాదం త్వరగా సన్నగిల్లుతుంది. అందుకే ఆ పొరలు అవసరం.

వేదిక మీద మాత్రం దీని పరిమితులు తెలుస్తాయి. ఒకేసారి ఒక లూప్‌నే ఉంచుకోగలం కాబట్టి పల్లవికి ఒకటి, చరణానికి వేరొకటి పెట్టుకునే వీలు లేదు. ఆపడానికి స్విచ్చును వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి, పాట కొసన సరిగ్గా ఆపడానికి ఇది కొంత కష్టమే. పొరలు పేర్చుతున్నంతసేపూ శ్రోతలు ఎదురుచూస్తారు గనుక, నాలుగు బార్లకు (తాళపు చుట్లకు) మించని లూప్‌తో మొదలుపెట్టి, వెంటనే పాటలోకి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ధ్వనిని గరుకుగా మార్చే ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడేవారు దాన్ని లూపర్‌కు ముందు ఉంచి, ఆంప్లిఫయర్‌ను క్లీన్‌గా (గరుకుదనం లేకుండా) పెట్టుకోవాలి. ఆంప్ కలిపే గరుకుదనం (డిస్టార్షన్) లోంచి అన్ని పొరలూ కలిసి వెళితే ఏ స్వరమూ విడిగా వినిపించదు. డిట్టోకు బ్యాటరీ పెట్టే వీలు లేదు, కనుక కచేరీకి వెళ్లేటప్పుడు 9 వోల్టుల అడాప్టర్ సంచిలో ఉండి తీరాలి.