కాలర్ మైకా, గన్ మైకా: ఇంటర్వ్యూకి ఏది మేలు?

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బంతిపూలు అమ్మే ఒక అవ్వను ఇంటర్వ్యూ చేశాను. చేవెళ్ల వైపు నుంచి తెల్లవారుజామునే వస్తుంది. పొడవాటి గొట్టంలా ఉండే గన్ మైక్‌ని కెమెరా నెత్తిన బిగించి ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. ఇంటికొచ్చి వింటే బేరాలు, ఆటో హారన్లు, బస్తాలు దించే చప్పుడు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అవ్వ గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది. షూట్‌లోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే అప్పుడే తెలిసేది, నా బద్ధకం.

గన్ మైక్ దూరం నుంచి మాటను లాక్కొస్తుందని చాలామంది అనుకుంటారు. లాగదు. పక్కల నుంచి వచ్చే చప్పుడు తగ్గిస్తుంది, అంతే. దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) పడిపోతుంది. అదే మైక్‌ని ఆరడుగుల నుంచి అడుగున్నరకి తెస్తే 12 డెసిబెల్స్ లాభం. స్టాండుకి కట్టి, ఫ్రేమ్ అంచుకి పైన వేలాడదీసి, ఛాతీ వైపు గురిపెడితే గొంతు ఎంత సహజంగా వస్తుందో! కానీ దానికి నిశ్శబ్దమైన గది కావాలి. మన ఫ్లాట్లలో కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు కాబట్టి హాలు మార్మోగుతుంది. బొంతలు పరిచి, ఫ్యాన్ ఆపి, కర్టెన్లు వేస్తే గానీ దారికి రాదు.

కాలర్ మైక్ అంటే బట్టలకి క్లిప్పుతో పెట్టుకునే చిన్న మైక్, నోటికి జానెడు దూరంలో ఉంటుంది. సంతలోనైనా మాట దక్కుతుంది. దీని తిప్పలు దీనికీ ఉన్నాయి. గంజి పెట్టిన కాటన్ చీర మీద పెడితే ప్రతి కదలికకీ గరగరమంటుంది. మెడలో గొలుసు తగిలితే టిక్కుమంటుంది. జాకెట్ అంచుకి పెట్టి, వైరుని చిన్న చుట్ట చుట్టి టేపు వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఆడవాళ్లకైతే "మీరే పెట్టుకోండమ్మా" అని చేతికిచ్చి మనం పక్కకి తిరగడం మర్యాద. ఇక చవక వైర్‌లెస్ కిట్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, అంటే వైఫై, బ్లూటూత్ నడిచే దారిలోనే నడుస్తాయి. జనం మధ్య మాట తెగుతుంది. ట్రాన్స్‌మిటర్‌లోనే, అంటే మాట్లాడేవాళ్ల దగ్గరుండి మాటని కెమెరాకి పంపే డబ్బీలోనే, రికార్డయ్యే రకం కొనుక్కోండి, కాస్త రేటెక్కువైనా.

ఇంకో తేడా ఉంది. మనకి ఎదుటివాళ్లు చెబుతుంటే ఊఁ కొట్టడం అలవాటు. గన్ మైక్‌లో ఆ ఊఁలన్నీ పడతాయి, ఎడిటింగ్‌లో ప్రాణం తీస్తాయి. కాలర్ మైక్‌లో కాస్త దూరంగా వినిపిస్తాయి. ఏ మైకైనా తలూపితే సరిపోతుంది.

ఒక్కటే కొనగలిగితే కాలర్ మైకే. గన్ మైక్ తర్వాత, అదీ గదుల్లో షూట్ చేసేవాళ్లకి.

వారం తర్వాత కాలర్ మైక్ పట్టుకుని అవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లాను. "మొన్న చెప్పిన కద బిడ్డా, మళ్ల చెప్పాల్నా?" అంది. చెప్పింది, మాట ఒక్కటీ పోకుండా రికార్డయింది. మొదటిసారి చెప్పేటప్పుడు మధ్యలో వచ్చిన నవ్వు మాత్రం ఈసారి రాలేదు.