ఎలక్ట్రిక్ కారుకి ఇంట్లోనే వైర్‌లెస్ చార్జింగ్ బిగిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

విజయవాడ, గుంటూరు వైపు ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లందరికీ చెప్తున్నాను. కారు కంపెనీ ఇచ్చింది కాకుండా బయట దొరికే వైర్‌లెస్ చార్జింగ్ కిట్‌ని మీ కారుకి బిగించనివ్వకండి.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ ఇరుకు, ప్లగ్ పాయింటేమో బాగా కిందికి ఉంది. రోజూ వంగి కేబుల్ పెట్టడం ఆయనకి నరకం. కారు ఆపితే చాలు, దానంతటదే చార్జ్ అవుతుందని ఈ కిట్లు అమ్మే డీలర్ అన్నప్పుడు నాన్నగారి కోసమే సరేనన్నాం. లక్షా అరవై వేలు చెప్పి, సగం ముందే తీసుకున్నాడు.

అతను చూపించిన వీడియోలో ఉన్నది విదేశాల్లో కంపెనీయే రిసీవర్ పెట్టి అమ్మిన కారు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. నేల మీద ప్యాడ్ ఒక్కటే ఉంటే సరిపోదు, కారు అడుగున దానికి జోడీ ప్యాడ్ ఉండాలి, రిసీవర్ అంటే అదే. ఇక్కడ మనం మామూలుగా కొనే కార్లకి అది కంపెనీ నుంచి రాదు. అందుకని అతని మనుషులు చార్జింగ్ పోర్టు వెనక వైరింగ్ కోసి వాళ్ల ప్యాడ్ కలిపారు. కారులో ఆరెంజ్ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. ట్రైనింగ్ లేనివాళ్లు వాటిని ముట్టుకుంటే ప్రాణాలకే ప్రమాదం. తర్వాత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, వైరింగ్ కోశారు కాబట్టి బ్యాటరీకి ఉన్న 8 ఏళ్ల వారంటీ ఇక వర్తించదన్నారు. లక్షల ఖరీదు చేసే బ్యాటరీ అది! మా ఇంట్లో అసలు టెన్షన్ ఇదే.

మూడు గంటల్లో ఫుల్ అని డీలర్ అన్న మాట కూడా అబద్ధమే. 3.3 కిలోవాట్లతో 40 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే 12 గంటలు దాటుతుంది, వైరున్నా లేకపోయినా అంతే. పైగా కారు కాస్త పక్కకి ఆగితే చార్జింగే ఎక్కేది కాదు. ఎక్కిన రోజున కూడా, బ్యాటరీలోకి చేరిన దానికంటే మీటరులో తిరిగిన యూనిట్లు బాగా ఎక్కువ.

ఇంకో సంగతి వింటే భయమేస్తుంది. ఒక రాత్రి చిప్స్ ప్యాకెట్ రేకు ఎగిరొచ్చి ప్యాడ్ మీద పడి, కమిలిపోయి వాసన వచ్చింది. ఈ ప్యాడ్ కరెంటు పంపేదే అయస్కాంత క్షేత్రంతో, ఆ క్షేత్రంలో లోహం వేడెక్కుతుంది. సరైన సిస్టమ్ అయితే లోహం పడినా, పిల్లి దూరినా కనిపెట్టి కరెంటు ఆపేయాలి. వీటికి 2020లో వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ నుంచి జె2954 అనే ప్రమాణం కూడా వచ్చింది. మాకు అమ్మిన కిట్ మీద దాని పేరు గానీ, తయారీదారు పేరు గానీ లేవు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి ఎలా వచ్చాయో మనందరం చూశాం. పేరూ ఊరూ లేని కరెంటు సామాను పార్కింగ్ నేల మీద పెట్టుకోవడం మన ఊళ్లో ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కిట్ తీయించేశాం. గోడకి నడుం ఎత్తులో మామూలు చార్జర్ పెట్టించి, కేబుల్ వేలాడేసుకోవడానికి పక్కనే కొక్కెం కొట్టించాం. నాన్నగారు వంగకుండా ఆయనే పెట్టుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందు ఈ పని చేయండి. ఇంటి శాంక్షన్డ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు, సరిపోతుందో లేదో కరెంటు ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

డీలర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఇలాంటి కిట్‌కి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఉంటే, వారంటీ పోదని మీ కారు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెమ్మనండి. ఆ కాగితం వచ్చేదాకా కారు మీద చెయ్యి వేయనివ్వకండి. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా దాచుకోండి. డబ్బు వెనక్కి ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. మేం ఆ కాగితాలే సిద్ధం చేసుకుంటున్నాం.