కాడ జెల్లీఫిష్: పలాస జీడిపప్పా, తెల్ల శిలువా?

ఇంగ్లండ్‌లో చదువుతున్న మా అక్క కూతురు ఒడ్డున తీసిన రెండు ఫొటోలు పంపి, "మావయ్యా, ఈ రెండూ ఒకటేనా?" అంది. కావు. నాచుకు కాడతో అతుక్కుని, ఈదకుండా బతికే జెల్లీఫిష్‌లే రెండూ. రెండింటికీ చేతులు ఎనిమిదే, చివర బొడిపెల కుచ్చులే. అందుకే చేతులు లెక్కపెట్టి లాభం లేదు, చేతుల మధ్య సందు చూడాలి.

మొదటి ఫొటోలోది హాలిక్లిస్టస్ ఆక్టోరేడియేటస్. దానికి ప్రతి సందులోనూ ఒక బొడిపె ఉంటుంది. అచ్చం పలాస జీడిపప్పు వంపే! దాన్ని లంగరు అంటారు. చోటు మారడానికి పాకేటప్పుడు పట్టు దానిదే.

రెండోది కాల్వడోసియా క్రుక్స్‌మెలిటెన్సిస్. దీనికి ఆ సందు ఖాళీ. బదులుగా ముదురు ఎరుపు ఒంటిమీద తెల్లచుక్కలు శిలువలా పేర్చి ఉంటాయి. పేరులో "క్రుక్స్" అదే. ఇది మరీ చిన్నది, సెంటీమీటరు పైచిలుకు. అలలు కొట్టే రాళ్లమీది ఎర్రనాచులో వెతకాలి. మొదటిదానికి సముద్రగడ్డి కూడా ఇష్టమే.

రంగును మాత్రం నమ్మొద్దు, మొదటిది నాచును బట్టి ఆకుపచ్చగానూ గోధుమగానూ దొరుకుతుంది. నేనైతే లంగరుకే ఓటేస్తాను.

ఈ జాతులు ఎక్కువగా చల్లటి నీళ్లవి. మన విజయనగరం జిల్లా చింతపల్లి బీచ్ రాళ్ల దగ్గర కాడతో ఏదైనా కనిపిస్తే, ముందు సముద్రపు ఎనిమోన్ (రాళ్లకు అతుక్కుని పువ్వులా కనిపించే జీవి) అనుకోండి.