ఉమ్మడి భాగాలు మోడళ్ల మధ్యనా, తరాల మధ్యనా: ఏది మేలు?

ఒకే భాగాన్ని పలు ఉత్పత్తుల్లో వాడుకోవాలనుకునే డిజైనరుకు రెండు దారులున్నాయి. ఒకే కాలంలో అమ్మే వేర్వేరు మోడళ్లకు ఉమ్మడి భాగాలు పెట్టడం ఒకటి. ఈనాటి భాగం కొన్నేళ్ల తర్వాతి మోడల్‌లోనూ ఇమిడేలా కొలతలను మార్చకుండా ఉంచడం రెండోది. రెండింటినీ పర్యావరణ హితమనే చెబుతుంటారు గానీ వాటి ఫలితం ఒకటి కాదు.

మొదటిదానికి ఫోక్స్‌వ్యాగన్ 2012లో తెచ్చిన ఎంక్యూబీ అనే ఉమ్మడి కారు పునాది మంచి ఉదాహరణ. ముందు ఇరుసుకూ పెడళ్లకూ మధ్య దూరాన్ని స్థిరంగా ఉంచి, మిగతా కొలతలను అవసరాన్ని బట్టి మార్చుకుంటూ గోల్ఫ్, ఆడి ఏ3, స్కోడా ఆక్టేవియా వంటి కార్లను ఒకే పునాదిపై నిర్మించారు. ఇందువల్ల డిజైన్ ఖర్చు, విడిభాగాల రకాలు తగ్గుతాయి. అయితే ఈ లాభంలో పెద్ద వాటా తయారీదారుదే. పాత కారులోని భాగం కొత్త కారులోకి చేరుతుందన్న హామీ ఏమీ లేదు. పైగా ఉమ్మడి భాగంలో లోపముంటే అదీ ఉమ్మడే అవుతుంది. టకాటా అనే సంస్థ సరఫరా చేసిన లోపభూయిష్టమైన ఎయిర్‌బ్యాగుల కారణంగా ఎన్నో కార్ల కంపెనీలు కోట్ల సంఖ్యలో కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

రెండో దారిలో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ల్యాప్‌టాప్ చాలా దూరం వెళ్లింది. 2021లో కొన్న యంత్రంలోని మదర్‌బోర్డును తీసి, 2023 నాటి ఏఎండీ ప్రాసెసరున్న బోర్డును అదే కేసులో బిగించుకోవచ్చు; తీసిన బోర్డు విడిగా చిన్న కంప్యూటరుగా పనిచేస్తుంది. కానీ పాత డీడీఆర్4 రకం మెమరీ ఈ కొత్త బోర్డుకు సరిపోదు, దాని తర్వాతి తరమైన డీడీఆర్5 కొనక తప్పదు. ఫోన్లలో ఇది ఇంకా కష్టం. 2020లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 3 ప్లస్ కెమెరాలను అంతకు ముందటి ఏడాది వచ్చిన ఫెయిర్‌ఫోన్ 3లో అమర్చుకోగలిగారు గానీ, 2021లో ఫెయిర్‌ఫోన్ 4 వచ్చేసరికి ఆ వరుస తెగిపోయింది. లోపల జాగా అంత తక్కువైన చోట, ఊడదీసే వీలు కోసం పెట్టే కనెక్టర్లు, మరలు కూడా అదనపు పదార్థమే; భాగాన్ని నిజంగా మార్చుకుంటేనే అది గిట్టుబాటవుతుంది.

వ్యర్థాన్ని తగ్గించడమే ఉద్దేశమైతే నా ఓటు రెండోదానికే. అలాగని అన్నింటికీ కాదు: ఫ్రిజ్ వంటి వాటిలో కొత్త కంప్రెసరు కరెంటును బాగా ఆదా చేస్తుంటే, పాతదాన్ని మళ్లీ వాడటంలో అర్థం లేదు, క్యాబినెట్‌ను నిలుపుకుంటే చాలు. అందుకే త్వరగా పాతబడే భాగాన్నీ ఏళ్ల తరబడి మన్నే భాగాన్నీ జిగురుతో అతికించకుండా విడదీయగలిగేలా ఉంచి, రెండూ కలిసే చోట బిగించే మరల స్థానాన్నీ కనెక్టరునూ ముందుగా ఖాయం చేయాలి. ఆ పైన మోడళ్ల మధ్య ఎన్ని భాగాలు పంచుకోవాలో లెక్క వేసుకోవచ్చు.