పర్సనల్ మానిటర్ మిక్సర్లు కొంటున్నారా? స్విచ్ మోడల్ రాయని కొటేషన్‌కి అడ్వాన్సు ఇవ్వకండి

బ్యాండ్‌కో స్టూడియోకో డాంటే (నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి) నెట్‌వర్క్ మీద నడిచే పర్సనల్ మిక్సర్లు (తమ ఇయర్‌ఫోన్లలో ఏది ఎంత వినాలో ఎవరికి వారు సర్దుకునే చిన్న మిక్సర్లు) కొనాలనుకునేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. ఒక డీలర్ 'కంప్లీట్ సెట్' అని మాకు అంటగట్టిన తీరు ఇంకెవరికీ ఎదురుకాకూడదని రాస్తున్నాను.

కొటేషన్‌లో మెయిన్ మిక్సింగ్ కన్సోల్‌కి డాంటే కార్డు, వాయించేవాళ్లకు తలా ఒక మిక్సర్, అన్నీ మోడల్ నంబర్లతో సహా ఉన్నాయి. చివర్లో మాత్రం 'నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు' అని రాసి ఊరుకున్నాడు. ఏ స్విచ్ (పరికరాల నెట్‌వర్క్ కేబుళ్లన్నిటినీ కలిపే డబ్బా) అని అడిగితే "ఏదైనా ఒకటేనండీ, గిగాబిట్ అయితే చాలు" అన్నాడు.

బిగించిన రోజు బాగానే పలికింది. రిహార్సల్స్ మొదలయ్యాక ఇయర్‌ఫోన్లలో టప్ టప్‌మని శబ్దాలు, మధ్యమధ్యలో సౌండ్ తెగిపోవడం. మా గాయని పాట మధ్యలోనే ఇయర్‌ఫోన్లు తీసేసింది. చెవి లోపల అలా పేలుతుంటే ఎవరు మాత్రం పాడగలరు? డీలర్‌కి ఫోన్ చేస్తే ఇయర్‌ఫోన్లు మార్చి చూడమన్నాడు, తర్వాత కన్సోల్ పాతదన్నాడు, ఆఖరికి మీ కరెంటు బాగోలేదన్నాడు.

డాంటే కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక మిక్సర్‌ని తెరిచి లేటెన్సీ ట్యాబ్ చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆడియో ప్యాకెట్లు ఎంత సేపట్లో చేరుతున్నాయో అక్కడ గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మేం పెట్టింది 1 మిల్లీసెకను. ఎక్కువ శాతం ప్యాకెట్లు ఆ లోపే వస్తున్నాయి గానీ, కొన్ని హద్దు దాటి ఎర్ర గీతలుగా పడుతున్నాయి. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ని మిక్సర్ వదిలేస్తుంది, ఆ ఖాళీయే మనకు టప్‌మని వినిపిస్తుంది.

దీనికి మూలం స్విచ్‌లోని ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్. 802.3ఏజెడ్ అనీ, డబ్బా మీద 'గ్రీన్' అనీ రాస్తారు. ట్రాఫిక్ తగ్గినప్పుడల్లా కరెంటు ఆదా కోసం పోర్టు కునుకు తీసి మళ్లీ లేస్తుంది. ఆఫీసు కంప్యూటర్లకు ఆ తేడా తెలియదు. డాంటేలో అలా కాదు, పరికరాలన్నీ పీటీపీ అనే ఒకే క్లాక్‌ని పట్టుకుని నడవాలి, పోర్టు కునుకు తీస్తే ఆ క్లాక్ తడబడుతుంది. అందుకే ఆ ఫీచర్‌ని ఆపెయ్యమని డాంటేని రూపొందించిన ఆడినేట్ కంపెనీయే చెబుతోంది. మాకిచ్చింది అన్‌మేనేజ్డ్ స్విచ్, అందులో ఆపడానికి సెట్టింగే లేదు! తెలిసినవాళ్ల దగ్గర మేనేజ్డ్ స్విచ్ తెచ్చి, ఆ ఫీచర్ ఆపి, క్యూఓఎస్‌లో (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగు) క్లాక్ ప్యాకెట్లకు (డీఎస్‌సీపీ అనే ప్రాధాన్య గుర్తు 56) అన్నిటికంటే ముందు, ఆ తర్వాత ఆడియోకి (డీఎస్‌సీపీ 46) ప్రాధాన్యం ఇచ్చాక శబ్దాలు పూర్తిగా ఆగిపోయాయి. ఈ సంగతంతా చెప్పినా డీలర్ "సీల్ విప్పారు కాబట్టి వాపసు లేదు" అనేశాడు. అదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది.

కేబుళ్లూ అంతే. ఒకటి కోసి చూస్తే లోపల తీగ తెల్లగా ఉంది, రాగి పూత పూసిన అల్యూమినియం. కేబుల్ మీదుగానే మిక్సర్‌కి కరెంటు వెళ్లే చోట ఇది అస్సలు పనికిరాదు. రెసిస్టెన్స్ ఎక్కువ, మడతల దగ్గర త్వరగా విరుగుతుంది.

డబ్బు కట్టేముందు ఇంకో రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి. మొదటిది ప్రోటోకాల్ పేరు. ఆర్‌జే45 సాకెట్ ఉన్నంత మాత్రాన అన్నీ డాంటే కావు. ఉదాహరణకు అల్ట్రానెట్ అనే మరో ఆడియో పద్ధతిలో కూడా అదే సాకెట్, అదే కేబుల్, 16 ఛానెళ్లు వస్తాయి. కానీ అది మామూలు స్విచ్ గుండా వెళ్లదు, డాంటేతో నేరుగా కలవదు. రెండోది పీఓఈ బడ్జెట్, అంటే నెట్‌వర్క్ కేబుళ్ల మీదుగా స్విచ్ మొత్తం ఇవ్వగల కరెంటు. 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వాలి. 8 పోర్టులున్న స్విచ్ మొత్తం బడ్జెట్ 60 వాట్లే అయితే అన్ని పోర్టులకూ అంత పవర్ రాదు. మీ మిక్సర్ ఒక్కోటి ఎన్ని వాట్లు లాగుతుందో అడిగి, కూడి చూసుకోండి.

ఇప్పటికే ఇలాంటి సెట్ కొని టప్ టప్ శబ్దాలతో టెన్షన్ పడుతుంటే, ఇయర్‌ఫోన్ల జోలికి వెళ్లకుండా ముందు స్విచ్ మోడల్ చూడండి. అది తేలేదాకా లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపేది) లేకుండా ఎవరి చెవిలోనూ ఇయర్‌ఫోన్లు పెట్టనివ్వకండి.