చలికి ముందు లాన్‌కు వేసే వింటరైజర్ ఎరువు: రెండు బస్తాలు వాడి చూశాక

వింటరైజర్ పేరుతో అమ్మే గుళికల ఎరువును వరుసగా రెండేళ్లు మా లాన్‌కు వేశాను. మొదటి ఏడాది ఒక కంపెనీది, రెండో ఏడాది ఇంకో కంపెనీది. రెండింటి మీదా అదే పేరు, దాదాపు అవే మాటలు, కానీ చలికాలం ముందు వేయడానికి నిజంగా పనికొచ్చింది రెండోదే.

మాది కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ కలిసిన గడ్డి. ఎండలకు నీరసపడి, వాతావరణం చల్లబడగానే మళ్లీ పిలకలు వేసే రకం. బెర్ముడా, జోయ్‌సియా లాంటి ఎండను ఇష్టపడే గడ్డి ఉన్నవాళ్లు దయచేసి ఈ రివ్యూ చూసి కొనకండి, అవి చలికి నిద్రలోకి వెళ్లే గడ్డి, ఆ టైంలో నత్రజని వేస్తే నష్టమే.

మొదటి బస్తా 24-0-12. అంటే నత్రజని 24 శాతం, భాస్వరం లేదు, పొటాష్ 12. అంకెలు బాగానే ఉన్నాయని వేసేశాను. గుళికల్లో సగానికి పైగా నారింజ రంగు పూతతో ఉన్నాయి, అవి నిదానంగా కరిగే నత్రజని అని వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను చదవలేదు. చలి తగ్గాక ఒకరోజు వంగి గడ్డి పాయ తీసి చూస్తే మొదళ్ల దగ్గర ఆ నారింజ పూసలు అలాగే కనిపించాయి. ఒకటి తీసి గోటితో నొక్కితే లోపలి నుంచి తెల్లటి తడి ముద్ద బయటకొచ్చింది. చలికాలమంతా నేలలోనే ఉంది, గడ్డికి అందింది మాత్రం కొంచెమే. ఆ పూతలోంచి ఎరువు బయటికి రావడం ఎక్కువగా నేల వేడిని బట్టి ఉంటుంది, నేల చల్లబడితే లోపలి ఎరువు దాదాపు కదలదు. తర్వాత నేల వెచ్చబడగానే ఒక్కసారిగా వదిలింది, గడ్డి ఎగబడి పెరిగింది, వారానికి రెండుసార్లు కోయాల్సి వచ్చింది. అసలు చలికి ముందు వేసేదే ఈ బాధ లేకుండా ఉండటానికి కదా.

చలికి ముందు ఆ రోజుల్లో గడ్డి పైకి పెరగడం ఆగిపోతుంది కానీ ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, ఎండను వాడుకుంటూ ఆహారం తయారు చేస్తూనే ఉంటుంది. అలా తయారైంది పైపెరుగుదలకు ఖర్చు కాకుండా వేళ్లలో, మొదళ్లలో నిల్వ ఉంటుంది. అందుకే అప్పుడు వేసే నత్రజని వెంటనే అందేదై ఉండాలి.

రెండో బస్తా 30-0-10, అందులో నత్రజని దాదాపు అంతా యూరియా, అమ్మోనియం సల్ఫేట్ రూపంలోనే ఉంది. వెయ్యి చదరపు అడుగులకు సుమారు 450 గ్రాముల నత్రజని అనేది పాత లెక్క, దాని ప్రకారం ఈ ఎరువు కిలోన్నర పడుతుంది. నేను కిలో మాత్రమే వేశాను. చలి ముదిరేకొద్దీ వేళ్లు తీసుకునేది తగ్గుతుంది, మిగిలింది నీళ్లతో పాటు కిందికి దిగి భూగర్భజలాల్లో కలుస్తుంది, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. గడ్డి కోసే మోవర్ నడిపినా కోసిన గడ్డి పడే తొట్టి దాదాపు ఖాళీగా వచ్చిన రోజు చూసి, నేల గడ్డకట్టకముందే చల్లి, కొద్దిగా నీళ్లు పెట్టాను. సగం ఎరువు నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లాను. మొదటి ఏడాది ఒకే వైపు నడిస్తే ముదురు పచ్చ చారలు, మధ్యలో పాలిపోయిన చారలు వచ్చి నెలల తరబడి కళ్లకు గుచ్చుకున్నాయి.

ఒక మూల కావాలనే వదిలేశాను, పోల్చి చూద్దామని. చలి పోగానే సుద్దతో గీత గీసినట్టు తేడా కనిపించింది: వేసిన వైపు ముందుగా పచ్చబడి ఒత్తుగా ఉంది, వదిలేసిన మూల ఇంకా గోధుమ రంగులోనే ఉంది. గడ్డి పొడవు మాత్రం రెండు వైపులా ఇంచుమించు సమానం. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే, చూసి చాలా సంతోషమేసింది.

లోపాలూ ఉన్నాయి. బస్తాకు మళ్లీ మూసే జిప్ లేదు. యూరియా గాలిలో తేమ పీల్చుకుంటుంది, మడిచి పెట్టిన బస్తాలో మిగిలింది రెండు వారాల్లో గడ్డలు కట్టింది. మూత గట్టిగా పట్టే బకెట్‌లోకి మార్చుకోండి. ఇందులో ఐరన్ కూడా ఉంది, కాంక్రీట్ మీద పడి తడిస్తే తుప్పు మరకలు పడతాయి, పైగా వాన వస్తే ఎరువు నేరుగా కాలువలోకి పోతుంది. చల్లిన వెంటనే చీపురుతో ఊడ్చి గడ్డిలోకి తోసేయాలి.

మట్టి పరీక్షలో పొటాష్ సరిపడా ఉందని తేలితే ఏ వింటరైజరూ అక్కర్లేదు, 46 శాతం నత్రజని ఉండే మామూలు యూరియా చాలు, కాకపోతే తక్కువ మోతాదును సమంగా చల్లడానికి ఓపిక కావాలి. ఏడాదికి ఒక్కసారే ఎరువు వేసేవాళ్లైతే చివర్లో కాదు, ఎండలు తగ్గి గడ్డి మళ్లీ పుంజుకునే మొదట్లోనే వేయండి, దాని ఫలితమే ఎక్కువ.

మొదటి బస్తాకు ఈ పనికైతే 2 స్టార్లు. రెండోదానికి 4, ఒకటి తగ్గించింది ఆ బస్తా మూత కోసమే, ఈసారి కూడా అదే తెచ్చిపెట్టుకున్నాను.