ఫియట్ 1100 డిలైట్, ప్రీమియర్ పద్మిని: కొనేముందు ఇంజన్ కాదు, రేకు చూడండి

కలల గ్యారేజీ అనగానే చాలామందికి ముందు తట్టేది ఇంపాలా, పాత మెర్సిడెస్. అందంలో వాటికి వంక పెట్టలేం కానీ, ఒక్క విడిభాగం పోతే బండి నెలల తరబడి మూలన పడుతుంది. మొదటి పాత కారుగా మా ఓటు ఫియట్ 1100కే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో దీన్ని డిలైట్‌గా మొదలుపెట్టింది. 1970ల్లో ప్రెసిడెంట్ అంది, ఆ తర్వాత పద్మిని అంది. పేర్లు మారినా లోపలి బండి దాదాపు ఒకటే. బొంబాయి ట్యాక్సీగా చివరి పద్మిని రిజిస్టరైంది 2003 అక్టోబరులో. ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరులో అదీ ఆగిపోయింది. అన్నేళ్లు ట్యాక్సీగా తిరిగింది కాబట్టే దీని సామాను ఇంకా దొరుకుతోంది, దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులూ మిగిలారు.

ఇంజన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, బోరు (సిలిండర్ వెడల్పు) 68 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. పొగ కొడుతోందనో శబ్దం చేస్తోందనో బేరం వదులుకోకండి. లేత్ షాపులో బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మారిస్తే మళ్లీ నిలబడుతుంది. రేకు సంగతి అలా కాదు. ఈ బండికి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. స్టాండర్డ్ హెరాల్డ్‌కైతే కింద వేరే ఫ్రేము ఉంటుంది, బాడీ విప్పి పక్కన పెట్టి పని చేయొచ్చు. ఇక్కడ తలుపుల కింది పట్టీలు తుప్పు పడితే బండి నడుమే వంగిపోతుంది.

అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. తలుపుల అడుగు, చక్రాల పైన వంపులు, హెడ్‌లైట్ల చుట్టూ ఆనించి చూడండి. అంటుకోని చోట రంగు కింద లప్పం మందంగా ఉన్నట్టే. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు, స్టెప్నీ తీసి డిక్కీ అడుగు, బ్యాటరీ కింది రేకు తప్పకుండా చూడాలి. ముందు అద్దం రబ్బరు గట్టిపడితే వాననీళ్లు కాళ్ల దగ్గరికి దిగుతాయి, ఫ్లోరు పోవడం అక్కడే మొదలవుతుంది. చివరగా ఒక పక్క జాకీ ఎత్తి, ఆ పక్క తలుపులు తెరిచి మూయండి. మామూలుగా పడుతున్న తలుపు జాకీ మీద పట్టేస్తే బేరం ఆపేయండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇంజన్లో అసలు బలహీనత హెడ్, అంటే సిలిండర్లని పైనుంచి మూసే భాగం. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కినా హెడ్ వంగి, దానికీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ పోతుంది. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపించినా, రేడియేటర్లో బుడగలు వస్తున్నా అదే జబ్బు. హెడ్ ఫేసింగ్ చేయించకుండా, అంటే వంగిన అడుగుని లేత్ షాపులో చదును చేయించకుండా, ఉత్త గాస్కెట్ మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. రేడియేటర్లో మన బోరు నీళ్లు పోయకండి. ఆ ఉప్పుకి లోపల గార కడుతుంది, అల్యూమినియం తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు సగం సగం కలిపి పోయండి.

ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ స్టార్టు కాకపోతే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ చంపుకోవద్దు. పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే దారికొస్తుంది. ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) ఉబ్బి చిట్లుతాయి. బండి ఇంటికి రాగానే, నడపక ముందే, ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి.

గేరు స్టీరింగ్ పక్కనే, నాలుగు గేర్లు. మొదటి గేరుకి సింక్రోమెష్ (కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి. గేరు మధ్యలో ఇరుక్కుంటుంటే గేరుబాక్సు దింపొద్దు, గేరు కాడని గేరుబాక్సుకి కలిపే లింకేజీ బుష్షులు అరిగాయేమో చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. కింగ్ పిన్నులకి (ముందు చక్రాలు పక్కకి మళ్లే కీళ్లు) గ్రీజు మానేస్తే ముందు చక్రాలు ఊగుతాయి. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. నెలల తరబడి నిలిపిన బండిలో బ్రేకుల్లోని వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు కారతాయి, అవి మార్చకుండా రోడ్డెక్కించడం ప్రమాదం.

ఏ మోడల్ తీసుకోవాలి? దొరికితే 1975కి ముందుది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబర్లో వీఏ అక్షరాలు. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ బండిని రోజువారీగా తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతు, పెట్రోలు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఇంజన్ తీసి వేరేది బిగించిన బండి వింటేజ్ కిందికి రావడం కష్టం, అందుకే ధర ఎంత తక్కువైనా డీజిల్‌కి మార్చిన పద్మిని మేం సిఫారసు చేయం. మహారాష్ట్ర బండిని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకునేవాళ్లు అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. చాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో ఒక్కో అంకె సరిపోల్చి చూసుకోండి.